నాలుగో గడి

నూనె సీసాను అత్తగారు బల్లమీద పెట్టలేదు, కుదేశారు. మూత గట్టిది కాబట్టి సరిపోయింది.

"నూట తొంభై!" అన్నారావిడ, ఇంకా చెప్పులైనా విడవకుండా. "నువ్వు చెప్పిన వీధే, నువ్వు చెప్పిన కొట్టే, నువ్వు చెప్పిన సీసాయే. మన సందు చివర కూడా నూట తొంభయ్యే. పోనూ రానూ బస్సు దండగ ఎవరి నెత్తిన వెయ్యమంటావు?"

కోడలు ఉల్లిపాయ తరుగుతున్న చెయ్యి ఆపింది. సీసా అందుకుని తిప్పి చూసింది. లీటరు, పసుపు మూత, మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. నెలకోసారి తను ముట్టుకోకుండా కళ్లతో చూసి వచ్చే సీసా ఇదే.

"అక్కడ నూట యాభై కదా అత్తయ్యా."

"ఎవరికి నూట యాభై? నీకా?"

కొన్నాళ్లుగా ఈ ఇంట్లో గొడవంతా నూనె దగ్గరే మొదలవుతోంది. ధర పెరిగిందని అత్తగారు అంటారు, పెరగలేదని కోడలు అంటుంది. వేరే ఇల్లయితే ఎవరో ఒకరు నోరు మూసుకునేవారు. కానీ ఈ కోడలికి ధరలు చూడడమే ఉద్యోగం. జీతం పుచ్చుకుని ధరలు చూసే మనిషికి, సంచీ పట్టుకుని బజారుకెళ్లే మనిషి ధర చెబితే మింగుడు పడుతుందా? "మీ కొట్టువాడు మిమ్మల్ని ముంచుతున్నాడు, మా కొట్టుకి వెళ్లి చూడండి" అని మొన్న నోరు జారింది. అత్తగారికి పౌరుషం ఎక్కువ. బస్సెక్కి వెళ్లి చూసే వచ్చారు.

కోడలు పనిచేసే ఆఫీసు, ఏ దేశంలో బతకడానికి ఎంత అవుతుందో పోల్చి ఒక పట్టిక వేస్తుంది. పన్నెండు దేశాలు, పన్నెండు నిలువు గడులు. నూనె, పాలు, గుడ్లు, సబ్బు, బస్సు టికెట్టు, మగవాళ్ల క్షవరం, రెండు గదుల ఇంటి అద్దె, ఇలాంటివన్నీ ఒకదాని కింద ఒకటి. ఒక్కో గడికి ఒక్కో మనిషి. నాలుగో గడి ఈమెది. ప్రతి నెలా మొదటి బుధవారం పొద్దున్నే ఒకే వీధికి వెళ్లి, అవే కొట్లలో అవే సరుకుల ధరలు చూసి, అరకు అంటించిన ధర చీటీకి ఫొటో తీసి, ట్యాబులో ఎక్కించి రావాలి. అక్కడ తన సొంతానికి మాత్రం ఏదీ కొనకూడదు. కొంటే కొట్టువాడితో మొహమాటం ఏర్పడుతుందని ఆఫీసు నియమం. ఆ వీధివాళ్లు ఆమెకు రేట్లమ్మ అని పేరు పెట్టారు.

ఆ పట్టికను పెద్ద కంపెనీలు కొంటాయి. ఏ దేశంలో పనివాళ్లకు ఎంత కరువు భత్యం ఇవ్వాలో అది చూసి తేలుస్తాయి. రేట్లమ్మ భర్త పనిచేసే ఫ్యాన్ మోటార్ల కంపెనీ కూడా అందులో ఒకటి. ఈ సంగతి ఆఫీసులో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

భర్త వచ్చేసరికి నూనె గొడవ చల్లారలేదు. అతను చేతులు కడుక్కున్నాడు. మోటారుకి రాగితీగ చుట్టే పని అతనిది. ఎంత కడిగినా వేళ్ల మీద సన్నటి గాట్లు ఎర్రగా కనబడుతూనే ఉంటాయి.

"ఓనరు మెట్ల దగ్గర పట్టుకున్నాడు," అన్నాడు తువ్వాలు కోసం చూస్తూ. "వచ్చే నెల నుంచి అద్దె పెంచకపోతే ఖాళీ చెయ్యమంటున్నాడు. భత్యం పెరుగుతుంది, పెరగ్గానే ఇస్తాం అన్నాను."

"పెరుగుతుందా?" అన్నారు తల్లి.

"పెరగడం కాదు, కోస్తారని మా సెక్షన్లో అనుకుంటున్నారు. మన దేశంలో మూడేళ్లుగా ఏదీ పెద్దగా పెరగలేదట, పట్టికలో ఉందట." అతను భార్య వైపు చూసి నవ్వబోయాడు. "అందరూ నన్నే ఏడిపిస్తున్నారు. మీ ఆవిణ్ణి కాస్త నాలుగు రేట్లు పెంచి రాయమనరాదూ అని."

రేట్లమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు సీసా మీదే ఉన్నాయి. ఆ రోజు ఉల్లిపాయ అలాగే సగం తరిగి ఉండిపోయింది, మిగతాది అత్తగారే తరిగారు.

మర్నాడు గురువారం. ఆఫీసుకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, రేట్లమ్మ ఆ వీధి మొదట్లో బస్సు దిగింది. మెడలో కార్డు తీసి సంచీలో వేసుకుంది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. తన సొంత వీధిలాంటి వీధిలో దొంగలా గోడవారగా నడిచింది.

మొదట క్షవరశాల వచ్చింది. వాకిట్లో మేకుకి వేలాడే పలక మీద సుద్దతో ధర రాసి ఉంటుంది. తను వచ్చినప్పుడల్లా అక్కడ ఎనభై ఉండేది. ఇవాళ నూట ఇరవై ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి పలకను కొంచెం పక్కకి జరిపి వెనక్కి చూసింది. వెనక వైపు ఎనభై. సుద్దతో కాదు, చెరిగిపోకుండా తెల్ల రంగుతో రాసి ఉంది.

లోపల కత్తెర ఆగింది. అద్దంలో మంగలి ఆమెను చూశాడు. చూసి, సగం జుట్టు కత్తిరించిన మనిషిని కుర్చీలో వదిలేసి పరుగున వచ్చి పలక తిప్పేశాడు.

"క్షమించాలి, చూసుకోలేదు," అన్నాడు. "రేట్లమ్మగారు వచ్చారు!" అని పక్కకొట్టుకి వినబడేలా ఒక్క కేక పెట్టాడు.

ఆ కేక వీధి పొడుగునా పాకిపోయింది. రేట్లమ్మ కిరాణా కొట్టు చేరేసరికి కొట్టాయన స్టూలెక్కి ఉన్నాడు. ఒక చేతిలో చీటీల కట్ట, రెండో చేతిలో అప్పుడే పీకిన చీటీ. పీకిన చీటీ మీద నూట తొంభై, కట్ట పైన ఉన్నదాని మీద నూట యాభై.

"ఇవాళ మీ రోజు కాదు కదమ్మా!" అన్నాడు స్టూలు మీంచే, ఎంతో బాధగా. చెప్పకుండా భోజనానికి వచ్చిన వియ్యపురాలిని చూసినట్టు చూశాడు.

"దిగండి ముందు."

"ఒక్క నిమిషం. గుడ్లొకటి మార్చేస్తే..."

"దిగమంటున్నానా!"

దిగాడు. కట్టను వీపు వెనక దాచుకున్నాడు. లావుపాటి మనిషి, నుదుటి మీద చెమట. రేట్లమ్మ అరల వెంట నడిచింది. పాలు, సబ్బు, బియ్యం. తను మూడేళ్లుగా కంఠతా పట్టిన ధర ఒక్కటీ అక్కడ లేదు.

"ఎప్పటి నుంచి?"

"మీరు వస్తున్నప్పటి నుంచే. రెండో నెలో, మూడో నెలో." అతను కౌంటరు గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "రెండోసారి మీరు వచ్చినప్పుడు నూనె బాగా పెరిగి ఉంది. మీరు చీటీ చూసి ఇలా పెట్టారమ్మా మొహం." అని కనుబొమలు ముడిచి, పెదవి విరిచి, పెద్దగా నిట్టూర్చి చూపించాడు. అచ్చం ఆమెలాగే ఉంది. "నాకు గుండె జారిపోయింది. పక్క కొట్టువాణ్ణి అడిగితే పాల దగ్గర వాడికీ అదే మొహం పెట్టారట. ఇది పైనుంచి వచ్చిన మనిషి, ఫైను రాస్తుంది అనుకున్నాం."

"నేను ఫైను వేసేదాన్ని కాదు!"

"ఏమోనమ్మా. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, చీటీకి ఫొటో. ఇంకేం కావాలి భయపడ్డానికి? తరవాత నెల తగ్గించి పెట్టాం. మీరు చల్లగా నవ్వి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ మీ రోజుకి ముందే చీటీలు మార్చేసుకుంటున్నాం. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే."

రేట్లమ్మకు ఆ మొహం గుర్తుంది. ధర పది శాతం మించి పెరిగితే, ఎందుకు పెరిగిందో సరుకు సరుక్కీ ఒక పేజీ కారణం రాయాలని ఆఫీసు నియమం. అదంతా రాయాలే అనే విసుగు ఆ మొహం. తన విసుగు చూసి ఒక వీధి వీధంతా దడుచుకుంది. ఆ దడుపు నాలుగో గడిలో ధరగా కూచుంది. ఆ గడి చూసి ఎవరో తన మొగుడి భత్యం కోయబోతున్నారు. ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. కొట్టాయన కంగారుపడి స్టూలు వేసి కూచోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు. అవి కూడా తాగకూడదని నియమం. తాగింది.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ సమస్యనైనా తన బల్ల మీంచి పక్క బల్ల మీదికి నెట్టే దాకా నిద్రపోడు. వీధి నుంచి నేరుగా వచ్చి ఆమె చెప్పిందంతా విన్నాక లేచి తలుపు వేసి వచ్చాడు.

"మూడేళ్ల లెక్క తప్పని కంపెనీలకి రాయమంటారా మేడమ్? మీ ఉద్యోగం ఒక్కటే కాదు, నాదీ పోతుంది."

"మరి ఏం చెయ్యమంటారు?"

"ఈ నెల నిజం ధరలు పెట్టండి. ఏదేది ఎందుకు పెరిగిందో కారణాలు రాయండి. పాత గొడవ తవ్వకండి. సోమవారం ముసాయిదా పట్టిక వెళ్లిపోవాలి." గొంతు తగ్గించాడు. "అయినా, పనివాళ్లకి మంచిదే కదా? గడి పెరిగితే భత్యం పెరుగుతుంది."

ఆ ఆఖరి మాటకు ఆమె తల వంచుకుంది. ఆ పనివాళ్లలో తన ఇంటివాడు ఉన్నాడని ఇప్పుడు చెప్పాలా? నాలుక చివరి దాకా వచ్చింది. తలుపు వేసి ఉంది, వినేవాడు ఒక్కడే. కానీ అతను అప్పటికే ఫోను తీసి ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు.

శుక్రవారం రేట్లమ్మ కార్డు మెడలో వేసుకుని మళ్లీ వీధికి వెళ్లింది. ఎవర్నీ చీటీ మార్చనివ్వలేదు. "ఉన్నది ఉన్నట్టు ఉంచండి. నేనొచ్చినా రాకపోయినా ఒకటే చీటీ. మీకేం కాదు, పూచీ నాది" అని కొట్టుకొట్టుకీ చెప్పింది. మంగలి నమ్మకం లేకుండానే పలక వెనక ఎనభై మీద సుద్ద అడ్డంగా రుద్దాడు. కొట్టాయన మాత్రం సంతోషించాడు. "బతికించారమ్మా. ఆ స్టూలెక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోతున్నాయి" అన్నాడు.

శని ఆదివారాలు ఆమె కారణాల పేజీలు రాస్తూనే గడిపింది. అత్తగారు పక్కన కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అడిగినా అడగకపోయినా సాక్ష్యం చెప్పారు. గుడ్లు వానల తరవాత పెరిగాయి. పాలు పోయిన వేసవిలో. సబ్బు ధర పెరగలేదు, సబ్బే చిక్కిపోయింది.

"సబ్బు చిక్కిపోవడం నువ్వు చూడలేదా?" అన్నారు.

"ముట్టుకోకూడదు కదా అత్తయ్యా."

"ముట్టుకోకుండా ధర ఎలా తెలుస్తుందే పిచ్చిదానా?"

మాటా మాటా అనుకున్నా ఆ రెండు రోజులూ ఇల్లు తేలిగ్గా ఉంది. భర్త ఓనరు కనబడితే తప్పుకుని తిరగడం మానేశాడు. ఒకటి రెండు సార్లు ఈల కూడా వేశాడు. రేట్లమ్మకు మాత్రం ఏ పని చేస్తున్నా భయంగానే ఉండేది. నిజమే రాస్తున్నాను కదా, ఇంత భయమెందుకు అనుకునేది. నిజం తన ఇంటికే లాభం కావడం వల్ల ఆ భయమని ఆమెకు తెలుసు.

సోమవారం ముసాయిదా వెళ్లింది. మంగళవారం మధ్యాహ్నానికే భర్త ఇంటికి వచ్చేశాడు. పని మానేసి కాదు, సెక్షన్ మొత్తాన్ని తొందరగా పంపేశారట. వచ్చి చెప్పులు విడిచి గడప మీద కూచున్నాడు.

"ఏమైంది?" అన్నారు తల్లి.

"మేనేజరు పిలిచి మాట్లాడాడమ్మా. పట్టికలో మన దేశం ఒక్కసారి పైకెళ్లిపోయిందట. ఇంత భత్యం ఇచ్చుకుంటూ ఇక్కడ మోటార్లు చుట్టించడం గిట్టదట." తన వేళ్లనే చూసుకుంటూ చెప్పాడు. "చుట్టే సెక్షన్ని ఏడో గడి దేశానికి పంపేస్తారట. అక్కడ బతుకు చవకట. పట్టిక ఖరారు కాగానే."

అత్తగారు, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట" అన్నారు. అనేసి, కోడలి మొహం చూసి, అన్నందుకు నొచ్చుకున్నట్టు లోపలికి వెళ్లిపోయారు.

"నువ్వేం చేస్తావు, ఉన్నదే రాశావు," అన్నాడు భర్త. అతని గొంతులో నిష్ఠూరం లేదు. లేకపోవడమే ఆమెను కాల్చేసింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

మేనేజరు ఇంకో మాట కూడా అన్నాడట. నాలుగో గడి దిగివస్తే ఎక్కడి సెక్షన్ అక్కడే ఉంటుందని.

భోజనానికని ఇంటికొచ్చిన రేట్లమ్మ మళ్లీ ఆఫీసుకి పరిగెత్తింది. పట్టిక ఖరారయ్యే ముందు ఒకరి గడి ఒకరు చూసి సరే అని టిక్కు పెట్టాలి. ఏడో గడి చూసే వంతు ఆమెదే. ఇన్నాళ్లూ అదొక లాంఛనం. ఏడో గడి ఆవిడ ఆమెకన్నా చిన్నది, ఫోన్లో చిరునవ్వుతో పలుకుతుంది, అక్కా అంటుంది. పన్నెండు గడుల మనుషుల్లో ఒకే భాష మాట్లాడేది వీళ్లిద్దరే కాబట్టి టిక్కు పని అయిపోయాక కూడా కాసేపు పిల్లల చదువులూ, అత్తల చాదస్తాలూ చెప్పుకునేవారు.

ధరలన్నీ ఒకే లెక్కలోకి మార్చి ఉన్నాయి. ఏడో గడిలో నూనె నూట నలభై ఐదు. క్షవరం డెబ్భై ఎనిమిది. మూడేళ్లుగా ఎక్కడా ఏ ధరా పెద్దగా కదల్లేదు. రేట్లమ్మకు ఆ గడి చూస్తుంటే తన పాత మొహమే అద్దంలో కనబడినట్టయింది.

వీడియో ఫోను కలిపితే తెర మీద ఏడో గడి ఆవిడ కనబడింది. వెనక గోడ, గోడకి ఆరేసిన పిల్లల బట్టలు.

"అక్కా! విన్నావా? మా ఊరికి మోటార్ల పని వస్తోందట. మా తమ్ముడికి, మా ఆడపడుచు మొగుడికి, ఇద్దరికీ రాయించాం. రెండేళ్లుగా ఖాళీగా ఉన్నారు."

అయినా రేట్లమ్మ అడిగింది. "నువ్వు ధరలకి ఎప్పుడూ ఒకటే రోజు వెళ్తావా?"

"వెళ్తాను."

"ఒకసారి వేరే రోజు వెళ్లి చూడు. చెప్పకుండా."

తెర మీది చిరునవ్వు మెల్లిగా తగ్గింది. ఆవిడ లేచి వెనక తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"తెలుసక్కా," అంది.

"ఏం తెలుసు?"

"మా వాళ్లు చీటీలు మారుస్తారని. మొదటి ఏడే తెలిసింది. నేనే ఊరుకున్నాను." ఫోను కాస్త దగ్గరికి జరుపుకుంది. "మా గడి తక్కువుంటే పని ఇటు వస్తుందని మా సూపర్‌వైజరు అన్నాడు. నిజంగానే వచ్చింది చూడు."

"మరి అక్కడ నూనె అసలు ధర?"

"రెండు వందల పది."

"ఆ జీతానికి మీ తమ్ముడు ఏం కొంటాడు? ఏం తింటాడు?"

"ఇప్పుడేం తింటున్నాడని?" అంది ఏడో గడి ఆవిడ. కోపంగా కాదు, తెలియనివాళ్లకి చెప్పినట్టు చెప్పింది. తరవాత గొంతు మారింది. "నువ్వు టిక్కు పెట్టకపోతే నేనేమీ అనుకోనక్కా. నీ ఉద్యోగం నీది. కానీ పెడతావు కదూ?"

రేట్లమ్మ తర్వాత మాట్లాడతానని పెట్టేసింది. టిక్కు పెట్టకపోతే న్యాయం, తన మొగుడి పని కూడా నిలవచ్చు. పెడితే అబద్ధం, అవతల రెండిళ్లలో పొయ్యి వెలుగుతుంది. ఏది చేసినా అందులో తన చెయ్యి శుభ్రంగా ఉండదు. ఇలాంటి నిజం తనకెందుకు దొరికిందా అని మొదటిసారి అత్తగారి మీద, ఆ నూనె సీసా మీద ఎక్కడ లేని కోపం వచ్చింది.

టిక్కు పెట్టకుండానే సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ఏడో గడికి వేరే మనిషిని, వేరే రోజున పంపి చూపించాలని చెప్పింది. కారణం అడిగితే అనుమానమని మాత్రమే అంది. ఆవిడ చెప్పిన మాట బయటపెట్టడానికి మనసొప్పలేదు.

సూపర్‌వైజరు ఆమె వైపు జాలిగా చూశాడు. "తక్కువున్న గడిని మళ్లీ చూడమని ఇంతవరకు ఏ కంపెనీ అడగలేదు మేడమ్. డబ్బిచ్చి చెడ్డకబురు ఎవడు కొంటాడు? ఎక్కువున్న గడినే మళ్లీ చూడమంటారు." అని తన కంప్యూటర్లో ఏడో గడి తెరిచి టిక్కు తనే పెట్టేశాడు. అంతే, ఆమె మధ్యాహ్నమంతా నలిగిపోయిన విషయం ఒక్క వేలితో తేలిపోయింది.

"అడిగారు కూడా," అన్నాడు.

"ఏమని?"

"నాలుగో గడి మళ్లీ కొలవమని. రేపు మొదటి బుధవారం కదా, ఎప్పుడూ వెళ్లే రోజే. మొన్న మీరు శుక్రవారం చూడడం తప్పట. రోజు మారితే పోలిక చెడుతుందట." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు మీరు తెచ్చే ధరలే ఖరారు. ఫొటోలు మాత్రం స్పష్టంగా ఉండాలి."

బుధవారం పొద్దున్న అత్తగారు కోడలి సంచీ అందిస్తూ ఏదో అడగబోయి మానుకున్నారు. భర్త ఇంకా పడుకునే ఉన్నాడు, గోడవైపు తిరిగి. నిద్రపోవడం లేదని ఊపిరి వింటే తెలుస్తోంది.

వీధిలో దిగేసరికి ఆమె కళ్లు ముందు పలక మీదికి వెళ్లాయి. నూట ఇరవై. మంగలి గుమ్మంలో చేతులు కట్టుకుని, మాట నిలబెట్టుకున్నవాడి గర్వంతో నిలబడ్డాడు. కూరగాయల దగ్గర, పాల దగ్గర, చెప్పులు కుట్టేచోట, అన్ని చోట్లా ఉన్నది ఉన్నట్టే ఉంది. వీధంతా తన మాట విని నిజం చెబుతోంది. మూడేళ్లు భయపడి అబద్ధమాడినవాళ్లు, ఒక్క మాటకి, ఇవాళే, సరిగ్గా ఇవాళే. ఏ ఒక్కడైనా మాట తప్పి ఉంటే ఎంత బాగుండేది!

కిరాణా కొట్లో కొనేవాళ్లెవరూ లేరు. కొట్టాయన ఎదురొచ్చాడు. "చూసుకోండమ్మా, ఒక్క చీటీ ముట్టుకోలేదు."

ఆమె నూనె అర ముందు నిలబడింది. ట్యాబు పైకెత్తింది. తెర మీద నూట తొంభై స్పష్టంగా కనబడుతోంది. చెయ్యి అలాగే ఉంది, బొటనవేలు పడలేదు.

"ఏమ్మా, ఫొటో రావడం లేదా?"

"చీటీలు మార్చండి," అంది.

అతనికి అర్థం కాలేదు. "మొన్న మీరే కదమ్మా వద్దని..."

"నేనే అన్నాను. ఇవాళ నేనే మార్చమంటున్నాను. ఎందుకని అడక్కండి." ట్యాబు కిందికి దించింది. "మా ఆయన పని పోతుంది."

కొట్టాయన ఆమె వంక చూశాడు. భయపడ్డ రోజుల్లో ఎప్పుడూ అంత సూటిగా చూడలేదు. తరవాత కౌంటరు కింద వెతికాడు. పాత చీటీల కట్ట లేదు. బతికిపోయానని శుక్రవారం సాయంత్రమే చింపి పారేశాడట. కొత్త అట్టముక్క కత్తిరించి, మార్కరు మూత తీసి, స్టూలెక్కాడు. మోకాలు పట్టుకుని మరీ ఎక్కాడు.

"పాత రేటే కదా? నూట యాభై?"

తెర మీది తలుపూ, గోడకి ఆరేసిన పిల్లల బట్టలూ, పెడతావు కదూ అన్న గొంతూ ఆమెను ఒక్క క్షణం పట్టుకున్నాయి. ఏడో గడిలో నూట నలభై ఐదు.

"నూట నలభై రెండు," అంది.

"ఆ రేటుకి నాకే రాదమ్మా."

"తెలుసు. రాయండి."

రాశాడు. అంటించి స్టూలు మీదే పక్కకి ఒరిగాడు. ఆమె ఫొటో తీసింది. బాగా వచ్చింది. ఇంకా గుడ్లు, పాలు, సబ్బు, ఆ తరవాత వీధి వీధంతా ఉంది. కొట్టుకొట్టుకీ ఇదే అడగాలి.

గుడ్ల అర వైపు తిరిగేసరికి వెనక ఎవరో గబగబా వచ్చిన చప్పుడైంది. నడివయసు ఆడమనిషి, చేతిలో సంచీ, చంకలో గొడుగు. చీటీ చూసి ఆగిపోయింది. దగ్గరికి జరిగి, తలెత్తి మళ్లీ చూసింది. మొహం విప్పారింది.

"నూనె దిగిందా!" అని రెండు సీసాలు తీసి సంచీలో పెట్టుకుని, మూడోది అందుకుంది.

స్టూలు మీంచి కొట్టాయన రేట్లమ్మ వైపు చూశాడు. ఏమైనా చెప్పు అన్నట్టు.

రేట్లమ్మ ఆవిడ చేతిలోంచి మూడో సీసా మెల్లిగా తీసుకుని అరలో పెట్టేసింది. "దిగలేదండీ," అంది. "ఆ ధర మీకు కాదు."

"మరి ఎవరికి?" అంది ఆవిడ.